తొమ్మిదేళ్ల బాబును ఎత్తలేకపోతున్నాను, మీరెలా చేస్తున్నారు?

తెనాలి అమ్మ:
మా బాబుకు సెరిబ్రల్ పాల్సీ (సీపీ), మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండవు. మెడ కొంచెం నిలుస్తుంది, ఆనించి కూర్చోబెడితే కూర్చుంటాడు. ఇప్పుడు 24 కిలోలు. మొన్నమొన్నటి దాకా చంకనేసుకుని తిరిగాను. ఈమధ్య పొద్దున్నే మంచం మీంచి లేపేటప్పుడే నడుం పట్టేస్తోంది. చంకల కింద చేతులు పెట్టి లాగగానే ఒళ్లంతా బిగుసుకుపోతాడు, కాళ్లు కత్తెర పడతాయి, తల వెనక్కి విసురుతాడు. మా ఆయన వచ్చేసరికి రాత్రవుతుంది, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. స్నానమప్పుడు తడి ఒంటితో ఎత్తాలంటేనే టెన్షన్. మనిషిని ఎత్తే యంత్రం, లిఫ్టర్ కొందామంటే మాది కింద సామాను పెట్టుకునే బాక్స్ దివాన్.

ఫిజియోథెరపిస్ట్, వరంగల్:
అమ్మా, బిగుసుకోవడం మొండితనం కాదు. వెల్లకిలా ఉన్నవాణ్ణి చంకల కింద పట్టి లాగితే ఆ బిగువు ఇంకా పెరుగుతుంది, భుజం కీలు జారే ప్రమాదమూ ఉంది. ముందు "నాన్నా, లేపుతున్నా" అని చెప్పండి. చెప్పకుండా పట్టుకుంటే ఉలిక్కిపడతారు. తర్వాత మీవైపు పక్కకు తిప్పి, మోకాళ్లు, తుంటి మడవండి, తలా భుజాలూ ముందుకు తీసుకోండి. బిగుసుకున్న కాళ్లను బలవంతాన విడదీయొద్దు. మడిచాక వాటంతటవే కొంత వదులవుతాయి. ఒక చెయ్యి భుజాల వెనక, తల మీ చేతి మీద ఆనేలా, రెండోది తొడల కింద పెట్టి, బాబును ఛాతీకి హత్తుకున్నాకే లేవండి. మీ పాదాలు ఎడంగా ఉండాలి, మోకాళ్లు వంచాలి. తిరగాల్సొస్తే అడుగులేసి తిరగండి, నడుం మెలిపెట్టొద్దు.

ఇంకోటి, తొడ కదిపితే ఏడుస్తున్నా, ఒక కాలు పొట్టిగా కనిపిస్తున్నా తుంటి ఎక్స్‌రే తీయించండి. ఈ పిల్లల్లో తుంటి కీలు మెల్లగా జారిపోవడం తరచూ చూస్తాం.

పాప నాన్న, కరీంనగర్:
అక్కా, తడి ఒంటితో అసలు ఎత్తకండి. మేం బెల్టున్న స్నానం కుర్చీలోనే పాపను పూర్తిగా తుడిచి, పొడి తువ్వాలు చుట్టి, నేల కూడా తుడిచాకే ఎత్తుతం. ఆదివారం తలంటు మానలేదు గానీ, నూనె మాత్రం కుర్చీలో కూర్చోబెట్టాకే రాస్తం. నూనె ఒంటికి పట్టు దొరకదు.

లిఫ్టర్ కాళ్లు మంచం కిందకు దూరాలి, నాలుగైదు అంగుళాల ఖాళీ కావాలి. బాక్స్ దివాన్‌కు కుదరదు. ముందు నాలుగు కాళ్ల మంచం చూడండి, అది మీ నడుం ఎత్తుకు దగ్గరగా ఉంటే బట్టలు మార్చేటప్పుడూ వంగే పని తగ్గుద్ది. సీపీ లాంటి వైకల్యాలున్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, నిరామయ, చేయించారా? ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చు కూడా వస్తది. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో అడిగితే, వికలాంగుల పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో క్యాంపు ఎప్పుడో చెప్తరు, అక్కడ సీపీ పిల్లల కోసం చేసిన ఆసరా కుర్చీలు, సీపీ కుర్చీలు ఇస్తరు.

తెనాలి అమ్మ:
పక్కకు తిప్పి, మడిచి లేపి చూశానండీ. తల విసరలేదు! అత్తగారు సాయం పడతానంటున్నారు, ఇద్దరం కలిసి ఎత్తొచ్చా?

ఫిజియోథెరపిస్ట్, వరంగల్:
ఆవిడ చేత బరువు మోయించకండి. వీల్‌చైర్ మంచానికి ఆనించి, బ్రేకులు వేసి, పాదాల పలకలు పైకి మడిచి కదలకుండా పట్టుకుంటే చాలు. సీపీ కుర్చీకి వెళ్లేముందు బాబు తుంటి వెడల్పు, పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా తొడ పొడవు కొలిచి రాసుకోండి.