ఆరాధనలో అభ్యర్థి మాట్లాడతానంటే?

మా చర్చి సంఘంలో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. ఆదివారం మైకు కావాలని ఒక అభ్యర్థి అడుగుతున్నారు. మా షాపు పనివాళ్ల వాట్సాప్ గ్రూపులోనూ ఇదే రాజకీయ రగడ. ఏం చేయాలి?

జవాబు 1: వందనాలు బ్రదర్. మైకు మాత్రం ఇవ్వకండి. ప్రార్థనా స్థలాన్ని రాజకీయాలకు వాడటం 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం కింద నేరం. మతం పేరుతో ఓటడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అవినీతి చర్య; ఓటరు మతాన్ని చూపి అడిగినా అంతేనని 2017లో సుప్రీంకోర్టు 4-3తో తేల్చింది. అభ్యర్థి వచ్చి కూర్చుంటే ఇబ్బంది లేదు. వేదికపై తలమీద చేయుంచి ప్రార్థిస్తే మాత్రం ఆ ఫొటో సాయంత్రానికల్లా ప్రచారమే! 1 తిమోతి 2:2 చెప్పినట్టు అధికారులందరి కోసం ప్రార్థించండి, చాలు.

జవాబు 2: గ్రూపులో అడ్మిన్లే పోస్టు చేసేలా సెట్టింగ్ మార్చండి. పోలింగ్ రోజు పనివాళ్లకు జీతంతో సెలవు తప్పనిసరి (ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి). ఎవరికి వేశావని పనివాళ్లను అడగొద్దు.

జవాబు 3: పార్టీవాళ్లు చందా అడిగితే? కంపెనీ ఇవ్వాలంటే బోర్డు తీర్మానం ఉండాలి. పెట్టి మూడేళ్లు నిండని కంపెనీ ఇవ్వకూడదు.