స్టేట్ రన్ మీడియాని తెలుగులో ఏమనాలి? "ప్రభుత్వ మీడియా" చాలుతుందా?

గ్రూపులో పెద్దలకి ఒక డౌట్ అండి. రష్యా ఛానల్ ఆర్‌టీ అయినా చైనా ఛానల్ సీజీటీఎన్ అయినా బ్రిటన్ బీబీసీ అయినా అన్నిటికీ కలిపి ప్రభుత్వ మీడియా అని రాసేస్తున్నారు, నాకెందుకో మింగుడుపడట్లేదు. 2023 ఏప్రిల్‌లో ట్విటర్ బీబీసీకి ప్రభుత్వ నిధుల మీడియా అని లేబుల్ తగిలిస్తే వాళ్ళు ఊరుకోలేదు, మాది జనం కట్టే లైసెన్స్ ఫీజు అని అభ్యంతరం చెప్పి మార్పించుకున్నారు. అదే నెలలో అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ అయితే లేబుల్ గొడవతో ట్విటర్‌లో పోస్టులే మానేసింది.

— అధికారిక మీడియా అనొచ్చు కదండీ?

— అది చైనా వార్తా సంస్థ షిన్హువాకి అతుకుతుంది, చైనా ప్రభుత్వ మాట వచ్చేదే దాన్లోంచి. అల్ జజీరాకి ఎలా పెడతారు? ఖతార్ డబ్బుతోనే పుట్టింది నిజమే గానీ అందులో వచ్చిందల్లా ఖతార్ ప్రకటన కాదుగా. (ఖతార్ సొంత సంగతులొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గుతుంది, అది వేరే విషయం)

— తేడా మన క్రియలోనే ఉందండి. ప్రభుత్వ సొమ్ముతో నడిచేది, ప్రభుత్వం నడిపేది. బీబీసీ వరల్డ్ సర్వీస్‌కి బ్రిటన్ విదేశాంగ శాఖ కూడా డబ్బిస్తుంది, అయినా ఏ వార్త వెయ్యాలో ఆ శాఖ చెప్పదు, కాబట్టి నడిచేది. ఆర్‌టీ నడిపేది.

— బానే ఉంది గానీ నడిచేది ఎంతకాలం నడుస్తుంది? అమెరికా ప్రభుత్వ సొమ్ముతో నడిచే వాయిస్ ఆఫ్ అమెరికా వార్తలు నిష్పాక్షికంగా ఉండాలని 1976లో చట్టమే చేశారు, 2025 మార్చిలో ట్రంప్ ఒక్క ఆర్డర్ ఇస్తే దాదాపు స్టాఫ్ అంతా సెలవు మీద ఇంట్లో కూర్చున్నారు.

— ఇంకోటి, ఇవి ప్రపంచ ప్రజాభిప్రాయాన్ని "మలుస్తాయి" అని రాస్తుంటారు, నాకు ఆ మాటా నచ్చదు. ఆర్‌టీ నినాదం క్వశ్చన్ మోర్, అంటే ఇంకా ప్రశ్నించు అని. రష్యా మాట నమ్మకపోయినా పర్లేదు, మిగతావాళ్ళ మీద అనుమానం పుడితే ఆర్‌టీ అనుకున్నది నెరవేరినట్టే. చైనా ప్రభుత్వ పేపర్ చైనా డైలీ రూటు వేరు, వాషింగ్టన్ పోస్ట్ లాంటి పేపర్లకి డబ్బు కట్టి చైనా వాచ్ అని సప్లిమెంట్ పెట్టించేది, చూడ్డానికి మామూలు వార్త పేజీలాగే ఉండేది, యాడ్ అన్న ముక్క చిన్న అక్షరాల్లో. దీన్ని మలచడం అంటారా, చొప్పించడం అంటారా?

— చొప్పించడం బావుంది. నడిచేది నడిపేది కూడా బావున్నాయి గానీ హెడ్డింగ్‌లో పట్టవండి.

— హెడ్డింగ్‌లో "రష్యా ప్రభుత్వ ఛానల్ ఆర్‌టీ" అని దేశం పేరు పెట్టండి చాలు, డబ్బెవరిది పెత్తనమెవరిది అన్నది మొదటి పేరాలో రాసుకోవచ్చు.