అప్‌డేట్: భీమిలి వేటకి వెళ్ళొచ్చాం

నాన్నతో భీమిలి వెళ్తున్నాం, గేలానికి ఏ చేపలు పడతాయని పోయిన వారం ఇక్కడ అడిగాను. వంజరం చేప మీద ఆశ పెట్టుకోకండి, కానాగంతలు (మాకెరెల్ చేపలు) చూడండి అన్నారు మీరు. సరిగ్గా అదే జరిగింది!

తెల్లవారుజామున నాలుగింటికి నాన్న స్నేహితుడి పడవలో బయల్దేరాం. గంటన్నర దాకా ఒక్కటీ లేదు. తర్వాత కానాగంతల గుంపు తగిలింది. దారం వేలిని కోసేంతగా లాగాయి. వీపు మీద నీలిపచ్చ చారలు తళతళలాడుతూ వచ్చి, పడవలో పడ్డ కాసేపటికే రంగు తగ్గిపోయేవి. మొత్తం 23. వంజరం ఒక్కటే తగిలింది, పళ్ళతో దారం కొరికేసి పోయింది. గేలానికి ముందు తీగ కట్టమన్నవాళ్ళ మాట నిజం.

తిరిగొస్తూ గోస్తనీ మొగలో (నది సముద్రంలో కలిసేచోట) బతికున్న రొయ్యని ఎర వేస్తే పండుగప్ప పడింది, రెండు కిలోలు. నాన్నే లాగారు, ఆ ముఖం చూడాలి మీరు.

పీతలు నాలుగు. ఒకదాని పొట్ట కింద నారింజ రంగు గుడ్ల ముద్ద ఉంటే, నాన్న స్నేహితుడైన మామ వెంటనే దాన్ని నీళ్ళలోకి వదిలేశారు. నాకదే బాగా నచ్చింది.

వెళ్ళేవాళ్ళు ఏప్రిల్ 15 లోపే వెళ్ళండి. అప్పట్నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవల వేట నిషేధం. పండుగప్ప ఇగురు అమ్మ ఇప్పుడే దించింది, ఉంటాను.