మనమా, మేమా? డీవో వాళ్ళ ప్రశ్నకు తెలుగు

ప్రశ్న

డీవో అనే అమెరికన్ సింథ్ రాక్ (సింథసైజర్లు, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డులు వాడే రాక్) బ్యాండు మీద వ్యాసం రాస్తున్నాను. జిల్లా విద్యాశాఖాధికారి డీఈఓ కాదండీ, ముందే చెబుతున్నా. 1978లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ పేరే ఒక ప్రశ్నా జవాబూ: ‘క్యూ: ఆర్ వుయ్ నాట్ మెన్? ఏ: వుయ్ ఆర్ డీవో!’ దీన్ని తెలుగులో పెట్టబోతే ‘వుయ్’ దగ్గరే ఆగిపోయాను. అది మనమా, మేమా? ‘మనం మనుషులం కామా? మనం డీవో!’ అంటే ఒక అర్థం వస్తుంది. ‘మేం మనుషులం కామా? మేం డీవో!’ అంటే పూర్తిగా ఇంకొకటి. పైగా డీవో అనేది ‘డీ-ఎవల్యూషన్’కి పొట్టి పేరు. దాన్ని తిరోగమనం అనాలా, అధోగతి అనాలా? ‘మెన్’ అంటే ఇక్కడ మగవాళ్ళు కాదు, మనుషులే. అంతవరకు నాకు అనుమానం లేదు.

జీవశాస్త్రం మాస్టారు

ముందు రెండోది చూద్దాం. ఎవల్యూషన్‌కి మనం పాఠ్యపుస్తకాల్లో వాడేది పరిణామం. ఆ మాటలో పైకి అనీ లేదు, కిందకి అనీ లేదు, ఉన్నది మార్పే. అందుకే దుష్పరిణామాలు అని కూడా అనగలుగుతున్నాం. చీకటి గుహల్లో బతికే కొన్ని చేపలకి తరాలు గడిచేసరికి కళ్ళు పోయాయి. అది వెనక్కి నడవడం కాదు, అదీ పరిణామమే. కాబట్టి శాస్త్రంలో డీ-ఎవల్యూషన్ అనే మాటకి చోటు లేదు. లేని దానికి తెలుగు వెతకడం ఎందుకని నా ప్రశ్న.

కడప నుంచి ఒకరు

మాస్టారూ, శాస్త్రంలో చోటు లేకపోతే పోనీండి, మనకి సిద్ధంగా ఒక మాట ఉంది కదా: కలికాలం. ధర్మం నాలుగు కాళ్ళ మీద మొదలై ఒంటికాలికి వచ్చిందని మన పెద్దలు చెప్పింది ఇదే. ఆ అమెరికా కుర్రాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

పాత రికార్డులు పోగుచేసేవారు

కలికాలం అన్న మాట బాగుంది గానీ ఇక్కడ అతకదండీ. ‘కలికాలం’ అనేవాడు ఎప్పుడూ అవతల నిలబడి అంటాడు. చెడిపోయింది ఎదుటివాళ్ళు, తను కాదు. డీవో వాళ్ళు ‘చెడిపోయారు’ అనలేదు, ‘వుయ్ ఆర్’ అన్నారు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ అనే ఊరుంది. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ లాంటి టైర్ల కంపెనీలన్నీ పుట్టి పెరిగిన రబ్బరు ఊరు అది. పక్కనే కెంట్ స్టేట్ యూనివర్సిటీ. అక్కడ చదివే జెరాల్డ్ కసాలె, బాబ్ లూయిస్ అనే ఇద్దరు 1960ల చివర్లో సరదాగా పుట్టించిన మాట డీ-ఎవల్యూషన్. మనిషి ముందుకి పోవట్లేదు, వెనక్కి జారుతున్నాడని ఆర్ట్ విద్యార్థుల వెటకారం, అంతే.

1970 మే 4న అదే క్యాంపస్‌లో, అధ్యక్షుడు నిక్సన్ కంబోడియా మీదికి సైన్యాన్ని పంపినందుకు నిరసన చేస్తున్న విద్యార్థుల మీద ఒహాయో నేషనల్ గార్డ్ కాల్పులు జరిపింది. 13 సెకన్లలో నలుగురు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. కసాలె అక్కడే ఉన్నాడు. చనిపోయినవాళ్ళలో అలిసన్ క్రాస్, జెఫ్రీ మిల్లర్ అతనికి తెలిసినవాళ్ళు. ఆ రోజు లేకపోతే డీవో లేదని అతనే చాలాసార్లు చెప్పాడు. అప్పటిదాకా వెటకారంగా ఉన్న మాట తర్వాత వెటకారంగా మిగల్లేదు.

అదే యూనివర్సిటీలో కసాలెకి పరిచయమై, తర్వాత అతనితో కలిసి డీవో పెట్టిన మార్క్ మదర్స్‌బా ఒక పాత కరపత్రం పట్టుకొచ్చాడు. 1924 నాటిది, పేరు ‘జాకో-హోమో హెవెన్‌బౌండ్’. డార్విన్ సిద్ధాంతాన్ని తిట్టిపోయడానికి షాడక్ అనే క్రైస్తవ ప్రచారకుడు రాసింది. అందులో రెక్కల దెయ్యం బొమ్మ, దాని ఛాతీ మీద ‘డీ-ఎవల్యూషన్’ అని అక్షరాలు. చూడండి, పరిణామవాదాన్ని నమ్మనివాళ్ళ మాటని ఎత్తుకొచ్చి, అభివృద్ధి అంటూ ఊగిపోయే అమెరికా మీదికి తిప్పారు. మాస్టారు చెప్పినట్టు శాస్త్రంలో దానికి చోటు లేదు, వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. వాళ్ళకి కావలసింది శాస్త్రంలా వినిపించే మాట. తిరోగమనం అని పెడితే సంపాదకీయం చదివినట్టు ఉంటుంది, ఆ అల్లరి పోతుంది. డీవోని డీవోగానే ఉంచి, ఒక వాక్యంలో కథ చెప్పేయండి.

అడిగినవారు

ఇది నచ్చింది, అలాగే చేస్తాను. మరి ‘వుయ్’ సంగతి?

తెలుగు వ్యాకరణం చెప్పే ఒకావిడ

హిందీ ‘హమ్’కి ఈ బాధ లేదు. ఇప్పటి కన్నడంలోనూ లేదు. తమిళులకి నామ్, నాంగళ్ ఉన్నాయి, మరాఠీలో ఆపణ్, ఆమ్హీ ఉన్నాయి. మనకి మనం, మేము. ఎదుటివాణ్ణి కలుపుకుంటున్నామో లేదో నోరు విప్పగానే తేల్చేయాల్సిన భాష మనది. దేవుడి ముందు ‘మమ్మల్ని కాపాడు’ అంటాం గానీ ‘మనల్ని కాపాడు’ అనం కదా, ఆయన్ని కూడా కాపాడాల్సినవాళ్ళలో కలిపేసినట్టు అవుతుంది.

కాబట్టి అడగాల్సింది ఒకటే. ఈ ప్రశ్న ఎవరు ఎవరిని అడుగుతున్నారు? బ్యాండు జనాన్ని అడుగుతోందా, తమలో తాము అడుగుకుంటున్నారా?

పాత రికార్డులు పోగుచేసేవారు

ప్రశ్న డీవో వాళ్ళది కానే కాదు మేడమ్, అరువు తెచ్చుకున్నది. హెచ్.జి. వెల్స్ 1896 నవల ‘ద ఐలండ్ ఆఫ్ డాక్టర్ మోరో’లో ఒక డాక్టరు దీవి మీద జంతువుల్ని కోసి కుట్టి మనుషుల్లా తయారుచేస్తుంటాడు. నాలుగు కాళ్ళ మీద నడవకూడదు లాంటి శాసనాలు వాటి చేత వల్లె వేయిస్తారు. ఒక్కో శాసనం అయ్యాక పల్లవి: ‘ఆర్ వుయ్ నాట్ మెన్?’ 1932లో వచ్చిన సినిమాలో, అంటే ‘ఐలండ్ ఆఫ్ లాస్ట్ సోల్స్’లో, ఆ శాసనాలు చెప్పించే పాత్ర బేలా లుగోసి వేశాడు. మొహం నిండా వెంట్రుకలు. అంటే చెప్పించేది కూడా వాటిలో ఒకటే! కాబట్టి అక్కడ నిస్సందేహంగా ‘మనం’. మనుషులం కాలేకపోయిన మనం మనుషులమేనా అని అడుగుకోవడం.

స్టేజీ మీద మదర్స్‌బా ప్రశ్న వేస్తాడు, మిగతావాళ్ళు ‘వుయ్ ఆర్ డీవో’ అంటారు. కాసేపటికి హాలంతా అదే అరుస్తుంది.

కడప నుంచి ఒకరు

అయితే మనం అని పెట్టేయండి, అయిపోయింది.

వరంగల్ నుంచి ఒకరు

అంత తొందరెందుకన్నా. వాళ్ళ ఫొటోలు చూసిన్రా? అయిదుగురూ ఒక్క తీరు పసుపు రంగు ప్లాస్టిక్ సూట్లు, ఒక్క తీరు నడక. మనకీ వాళ్ళకీ మధ్య గోడ కట్టినట్టే ఉంటది. అది ‘మేము’ కాదా?

పాత రికార్డులు పోగుచేసేవారు

ఈయన చెప్పిందాంట్లో పస ఉంది. యూనిఫాం అంటే మేమే. ఆ అయిదుగురిలో అన్నదమ్ముల జంటలు రెండు: మార్క్, బాబ్ మదర్స్‌బా, జెరాల్డ్, బాబ్ కసాలె. ఇద్దరు బాబ్‌లు కావడంతో బాబ్ 1, బాబ్ 2 అని అంకెలు పెట్టుకున్నారు. డ్రమ్ముల మీద అలన్ మైయర్స్, గడియారం ముల్లు లాంటి చెయ్యి. 1973లో కెంట్‌లో మొదటి ప్రదర్శన. 1976లో చక్ స్టాట్లర్ వీళ్ళతో తీసిన పొట్టి సినిమా ఆన్ ఆర్బర్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో బహుమతి తెచ్చుకుంది. ఎమ్‌టీవీ పుట్టడానికి అయిదేళ్ళ ముందే వీళ్ళు పాటకి వీడియో తీశారన్నమాట. డేవిడ్ బౌవీ, ఇగ్గీ పాప్ లాంటి పేరున్న రాక్ గాయకులు వీళ్ళ గురించి నలుగురికీ చెప్పారు. మొదటి ఆల్బమ్ నిర్మాత బ్రయన్ ఈనో చేతిలో ఎక్కువ భాగం జర్మనీలో తయారైంది.

1980లో ‘ఫ్రీడమ్ ఆఫ్ చాయిస్’ ఆల్బమ్. సింథసైజర్లు ముందుకొచ్చాయి, గిటార్లు కాస్త వెనక్కి జరిగాయి. అందులోని ‘విప్ ఇట్’ పాట అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 14వ స్థానం దాకా వెళ్ళింది. తలల మీద మెట్లమెట్లుగా ఉండే ఎర్ర ప్లాస్టిక్ టోపీలు, వాటి పేరు ఎనర్జీ డోమ్. పూలకుండీలు బోర్లించుకున్నారని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అమెరికాలో మామూలు శ్రోతకి డీవో అంటే ఆ టోపీ, ఆ ఒక్క పాటే. నా దృష్టిలో ఇది అన్యాయం, మొదటి ఆల్బమ్ అంతకంటే ఎన్నో రెట్లు పదునైనది.

‘విప్ ఇట్’లోనూ ఒక భాషా సంగతి ఉంది. కష్టం వచ్చిందా, లేచి నిలబడు, నువ్వు చేయగలవు అని అమెరికాలో వీపు తట్టే సలహాలు ఉంటాయే, వాటిని వెక్కిరిస్తూ కసాలె రాశాడు. థామస్ పించన్ నవలలోని కొంటె పద్యాల నుంచి ఊపు తెచ్చుకున్నానని కూడా చెప్పాడు. జనం మాత్రం ‘విప్’ అన్న మాటలో కొరడానీ బూతునీ విన్నారు. సరే, అలాగే అనుకోండి అన్నట్టు వీళ్ళు వీడియోలో నిజంగానే కొరడా ఝళిపించారు. వెక్కిరింపు అందరికీ అందేలా చెబితే అది వెక్కిరింపుగా మిగలదు. మన పేరడీ కవులకీ ఇది అనుభవమే.

అడిగినవారు

తర్వాతి భాగం నాకు కొంచెం చప్పగా అనిపిస్తోంది. 1984 ఆల్బమ్ ‘షౌట్’ వరకు రాసి ఆపేయనా?

పాత రికార్డులు పోగుచేసేవారు

1981, 82 ఆల్బమ్‌లని రెండు వాక్యాల్లో దాటేయండి. ‘షౌట్’ బలహీనమైనదే. ఫెయిర్‌లైట్ అనే ఖరీదైన కంప్యూటర్ సింథ్ మీద ఆనుకుని చేశారు, వార్నర్ రికార్డు కంపెనీ వాళ్ళని వదిలేసింది. యంత్రాలు తన పని తీసేసుకుంటుంటే మైయర్స్ కూడా వెళ్ళిపోయాడు. మనిషి వెనక్కి జారుతున్నాడని పాడిన బ్యాండులోనే యంత్రం ముందు మనిషి డ్రమ్మర్ వెనక్కి తగ్గాడు. ఇంకో కంపెనీకి రెండు ఆల్బమ్‌లు చేసి 1991లో చెదిరిపోయారు.

కానీ అక్కడ ఆపకండి. మీ మనం, మేము గొడవకి అసలు మేత ఆ తర్వాతే ఉంది. మదర్స్‌బా ప్రకటనలకీ, సినిమాలకీ సంగీతం చేసే సంస్థ పెట్టాడు. ‘రగ్‌రాట్స్’ కార్టూన్ సంగీతం ఆయనదే, దర్శకుడు వెస్ ఆండర్సన్ మొదటి సినిమాలకీ ఆయనే. 2010లో ఇరవై ఏళ్ళకి కొత్త ఆల్బమ్ ‘సమ్‌థింగ్ ఫర్ ఎవ్రీబడీ’ వచ్చింది, మళ్ళీ వార్నర్ దగ్గరే. ఈసారి ఒక యాడ్ ఏజెన్సీని పెట్టుకుని, ఏ పాటలు ఉండాలో జనం చేత ఓట్లు వేయించారు. టోపీ రంగు కూడా సర్వేతోనే ఎరుపు నుంచి నీలానికి మారింది. సబ్బుకీ షాంపూకీ చేసే సర్వే పాటలకి చేశారు. అది వ్యాపారమా, వ్యాపారం మీద వెటకారమా అని అడిగితే రెండూ అనే చెప్పాలి. ‘మేము’ కాస్తా ‘మీరే చెప్పండి’ అయింది.

మైయర్స్ 2013లో, బాబ్ కసాలె 2014లో పోయారు. 2023లో యాభై ఏళ్ళ వీడ్కోలు యాత్ర మొదలుపెట్టారు, 2025లోనూ పాడుతూనే ఉన్నారు. మన సినిమావాళ్ళ ‘ఇదే ఆఖరి సినిమా’ లాంటిది అనుకోండి. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి మూడుసార్లు నామినేషన్ వచ్చిందని కూడా ఒక ముక్క రాయండి.

వరంగల్ నుంచి ఒకరు

నాకొకటి తట్టింది. మనమా, మేమా అని కొట్లాడుతున్నం గానీ అసలు ఆ మాట పెట్టుడెందుకు? తెలుగులో క్రియకీ నామానికీ చివర వచ్చే ‘ం’ రెండింటికీ ఒకటే. మనం వెళ్దాం అన్నప్పుడు తప్ప, మనం వెళ్తాం, మేం వెళ్తాం, రెండూ ‘వెళ్తాం’. మనం మనుషులం, మేం మనుషులం, రెండూ ‘మనుషులం’. సర్వనామం తీసేయండి:

మనుషులం కామా? డీవోలం!

తెలుగు వ్యాకరణం చెప్పే ఒకావిడ

భేష్! ఇంగ్లిష్ ‘వుయ్’లోని దొంగాట మన చివరి సున్నాలో దాక్కుంది. ఒకే ఒక్క అభ్యంతరం. వాళ్ళు ‘డీవోస్’ అనలేదు, ‘డీవో’ అన్నారు. అది మనుషుల పేరు కాదు, ఒక స్థితి. డీవోలం అంటే రెడ్లం, రాజులం అన్నట్టు కులం పేరులా వినిపిస్తోంది.

పాత రికార్డులు పోగుచేసేవారు

అలా వినిపిస్తే ఇంకా మంచిది మేడమ్. యూనిఫాం వేసుకున్నదే ఒక కొత్త జాతిలా కనిపించడానికి. నా ఓటు డీవోలంకే.

జీవశాస్త్రం మాస్టారు

‘కామా?’ అన్నది అట్ట మీద అచ్చయితే పిల్లలు విరామచిహ్నం అనుకుంటారు. ‘మనుషులం కాదా?’ అని వాడుకలో ఉన్నట్టే రాస్తే నష్టమేమిటి?

అడిగినవారు

కామానే ఉంచుతాను మాస్టారూ. శాసనం వల్లె వేస్తున్నట్టు ఉండాలి, ‘కాదా’ అంటే ఇంట్లో మాట్లాడుకున్నట్టు ఉంది. ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. వీళ్ళు తమనీ తమ అభిమానుల్నీ ‘స్పడ్’ అని పిలుచుకుంటారు, అంటే బంగాళాదుంప. మట్టిలో పుట్టే మామూలు సరుకు, కానీ ఒంటినిండా కళ్ళు ఉంటాయని. దీన్ని తెలుగు చేయనా?

వరంగల్ నుంచి ఒకరు

ఆలుగడ్డలు అనండి. పిలుపులా ఉంటది.

కడప నుంచి ఒకరు

ఉర్లగడ్డ అనండి, ఇంకా బాగుంటుంది.

అడిగినవారు

నేను గుంటూరు దాన్నండీ, నాకది బంగాళాదుంపే. అయినా అయిదు అక్షరాల దుంపని స్టేజీ మీద నుంచి ఎవరు పిలుస్తారు? ఆలుగడ్డ ఖాయం.