మందు కొట్టని మిరపలోనూ పరీక్ష గీత పాలిపోతోంది: లోపం ఎక్కడ?

ప్రశ్న (ఒంగోలు, పరిశోధక విద్యార్థిని)

ఎండుమిరపలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు అవశేషాన్ని కల్లం దగ్గరే చూసుకునేందుకు చౌకైన స్ట్రిప్ తయారుచేస్తున్నాము. నైట్రోసెల్యులోజ్ పొరపై, ఆ మందును అతికించిన ఓవాల్బుమిన్ (గుడ్డు తెల్లసొన ప్రోటీన్)తో పరీక్ష గీత గీసి, ఆ మందును పట్టుకునే కుందేలు యాంటీబాడీని బంగారు నానోకణాలకు పట్టించాము. అణువు చిన్నది కనుక ఇది పోటీ పద్ధతి: నమూనాలోని మందు, గీతపై మందు యాంటీబాడీ కోసం పోటీపడతాయి. మందు లేకపోతే గీత ఎర్రగా రావాలి. బఫరులో గీత బాగానే వస్తోంది కానీ, పొరంతా లేత గులాబీ మరక పడుతోంది. పెరట్లో మందు కొట్టకుండా పెంచిన మిరప పొడిని గ్రాముకు 5 మి.లీ. మిథనాల్‌లో కలిపి, వడకట్టి, అంతే బఫరు చేర్చి వేస్తే గీత దాదాపు మాయమవుతోంది. నియంత్రణ గీత (ద్రవం, యాంటీబాడీ చివరిదాకా చేరాయని చూపే రెండో గీత) మాత్రం చక్కగా ఉంది. పొరలో ఖాళీ చోట్ల యాంటీబాడీ అంటుకోకుండా బీఎస్ఏ (ఆవు రక్తంలోని ప్రోటీన్)తో బ్లాకింగ్ చేశాము.

జవాబు 1

అమ్మా, యాంటీబాడీ కోసం కుందేలుకు ఎక్కించిన మందు ఏ ప్రోటీన్‌కు అతికించినది? బీఎస్ఏ అయితే, యాంటీబాడీలలో కొన్ని బీఎస్ఏనే పట్టుకుంటాయి కనుక, మీ బ్లాకింగే బంగారాన్ని దారిలో ఆపేస్తోంది. మరక అందువల్లే కావచ్చు. కేసీన్ (పాల ప్రోటీన్)తో చేసి చూడండి.

నియంత్రణ గీతను చూసి నిశ్చింతగా ఉండవద్దు. అది కుందేలు యాంటీబాడీ అక్కడిదాకా చేరిందని చెబుతుందే తప్ప, ఆ యాంటీబాడీ మందును పట్టుకోగలుగుతోందని చెప్పదు. సగం మిథనాల్ ఉన్న ద్రవంలో ఆ పట్టు సడలుతుంది. పొర కూడా దెబ్బతినవచ్చు. వడకట్టిన మిథనాల్ రసాన్ని బఫరుతో పదింతలు పలుచన చేస్తే మిథనాల్ 10 శాతానికి దిగుతుంది, మిరప నూనె, రంగు కూడా తగ్గుతాయి. అయితే మిథనాల్‌లో ఐదింతలతో కలిపి మొత్తం పలుచన 50 రెట్లవుతుంది, స్ట్రిప్ మి.లీ.కు 10 నానోగ్రాములు గుర్తించగలిగినా, కాయలో కిలోకు 0.5 మి.గ్రా. లోపు కనబడదు. యూరప్‌లో ప్రత్యేక పరిమితి లేని మందులకు కిలోకు 0.01 మి.గ్రా. అన్న నియమం ఉంది; ఇమిడాక్లోప్రిడ్‌కు మిరపలో ఎంత పరిమితి ఉందో చూసుకోకుండా, ఎగుమతికి పనికొస్తుందని ఈ స్ట్రిప్ చూసి రైతుకు మాట ఇవ్వకండి.

జవాబు 2 (నెల్లూరు)

పై మాటతో ఏకీభవిస్తాను. ప్రామాణిక ద్రావణాలను (తెలిసిన మోతాదులో మందు కలిపినవి) కూడా మందు కొట్టని మిరప రసంలోనే తయారుచేయండి. కోస్తా తేమ మరొక శత్రువు: ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మేము బల్ల మీద వదిలిన స్ట్రిప్‌లలో ద్రవం ఎగబాకే వేగం మారిపోయింది. 37 డిగ్రీల వద్ద ఆరబెట్టి, సిలికా జెల్‌తో సీలు చేయడం తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు

కుందేలుకు ఎక్కించింది బీఎస్ఏ జతేనండీ. కేసీన్‌తో మరక పోయింది. పదింతల పలుచనలో గీత తిరిగి వచ్చింది, కానీ బఫరులో ఉన్నంత ఎరుపు లేదు. ట్వీన్-20 (సబ్బులాంటి పదార్థం) మోతాదు మార్చి రేపు మళ్లీ వేస్తాను.