పిల్లికి ఇంట్లో షుగరు పరీక్ష: మనుషుల గ్లూకోమీటరు చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

మాధవి, విజయవాడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బంగారి తొమ్మిదేళ్ల మగపిల్లి; చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాము. కొంతకాలంగా గిన్నెలో పోసిన నీళ్లు పోసినట్టే తాగేస్తూ, రోజూ ఇసుక ట్రే నిండా గడ్డలు కట్టిస్తూ, తిండి బాగానే తింటున్నా వెన్నుపూసలు చేతికి తగిలేంతగా చిక్కిపోవడంతో పశువైద్యులకు చూపించాము. రక్తంలోనూ మూత్రంలోనూ షుగరు ఉందని తేల్చి, 12 గంటలకొకసారి 1 యూనిట్ చొప్పున గ్లార్జిన్ ఇన్సులిన్ మొదలుపెట్టారు.

ఆసుపత్రిలో చూసినప్పుడు డెసీలీటరుకు 390 మిల్లీగ్రాములు ఉంది. మరునాడు ఉదయం ఇంట్లో, మా నాన్నగారు వాడే గ్లూకోమీటరుతోనే చెవి మీద గుచ్చి చూస్తే 265 వచ్చింది. ఈ రెండింటిలో దేనిని నమ్మాలి? పైగా నిన్న సాయంత్రం సూది వేయబోయే ముందు 140 చూపింది. డాక్టరు గారికి ఫోను చేస్తే ఆ పూటకు ఆపమన్నారు. ప్రతిసారీ వారు ఫోనులో దొరకకపోవచ్చు కదా, అందుకే ఏ అంకె దగ్గర ఆగాలో తెలుసుకోవాలని ఉంది. చెవి మీద రక్తం వస్తోంది గాని, చుక్కగా నిలవకుండా వెంట్రుకల్లోకి పాకిపోయి స్ట్రిప్పులు వృథా అవుతున్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పశువైద్యుడు, తిరుపతి

మాధవి గారూ, మీరు చూసిన రెండు అంకెలూ నిజమే కావచ్చు. పిల్లిని బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకువెళ్లి, కుక్కలు మొరుగుతున్న గదిలో కూర్చోబెట్టి, పట్టుకుని రక్తం తీస్తే, ఆ బెదురుకే దాని షుగరు చాలా పెరుగుతుంది. జబ్బు లేని పిల్లిలో కూడా ఇలా పెరగడం మాకు తరచుగా కనిపిస్తుంది. అందువల్ల ఇన్సులిన్ ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి ఆసుపత్రి అంకెకంటే ఇంట్లో ప్రశాంతంగా తీసిన అంకెకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అయితే మనుషుల మీటరు విషయంలో ఒక మెలిక ఉంది. మనిషి రక్తంలో గ్లూకోజు కొంత ఎర్రకణాల్లోనూ కొంత ప్లాస్మాలోనూ ఉంటుంది. పిల్లి రక్తంలో దాదాపు అంతా ప్లాస్మాలోనే ఉంటుంది. మనుషుల మీటరు మనిషి రక్తం లెక్కతో తయారైనది కాబట్టి పిల్లి రక్తానికి సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుంది. అంటే మీకు కనిపించిన 265 నిజానికి ఇంకా ఎక్కువే అయి ఉండవచ్చు. ఎంత తక్కువ చూపిస్తుందనేది మీటరును బట్టి, షుగరు స్థాయిని బట్టి మారుతుంది కనుక, ఇంత కలుపుకోవాలని ఒక లెక్క కట్టి కూడవద్దు. జంతువుల కోసమే తయారైన ఆల్ఫాట్రాక్ వంటి మీటరు దొరికితే మంచిది. దొరకకపోతే నాన్నగారి మీటరే వాడండి, కాని ఎప్పుడూ అదే మీటరు, అదే రకం స్ట్రిప్పులు వాడాలి. మీటర్లు మారిస్తే అంకెల మధ్య పోలిక పోతుంది.

ఇంటి పరీక్షకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రయోజనం షుగరు మరీ పడిపోకుండా కాపాడుకోవడం. కొన్ని రోజులు కాస్త ఎక్కువగా ఉన్న షుగరు వల్ల పిల్లికి వెంటనే ప్రాణం మీదికి రాదు. తక్కువైతే కొద్ది గంటల్లోనే రావచ్చు. మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, సూదికి ముందు అంకె 200 కంటే తక్కువగా ఉంటే వైద్యుణ్ణి అడగకుండా వేయవద్దని నేను చెబుతాను. నిన్న మీరు చేసినది సరైన పనే. వారు దొరకకపోతే తిండి పెట్టకుండా అరగంట ఆగి మళ్లీ చూడండి. పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తెలుస్తుంది. అప్పటికీ 200 దాటకపోతే తిండి పెట్టి, ఆ పూట సూది మానేయండి. ఒక పూట మానేసినందువల్ల జరిగే నష్టం చాలా స్వల్పం.

మీటరులో 60 కంటే తక్కువ చూపినా, పిల్లి తూలుతున్నా, వణుకుతున్నా, పిలిస్తే పలకకుండా పడి ఉన్నా దానిని అత్యవసరంగానే చూడాలి. మీటరు తక్కువ చూపిస్తుందిలే అని అక్కడ సర్దిచెప్పుకోకూడదు. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి. లేకపోతే తేనె గాని గ్లూకోజు నీళ్లు గాని వేలితో చిగుళ్లకు రాసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మూర్ఛ వస్తుంటే నోట్లో వేలు పెట్టవద్దు, ద్రవం పోయవద్దు.

రాజ్యలక్ష్మి, న్యూజెర్సీ

మాధవి గారూ, మా ఇంట్లో కూడా షుగరు ఉన్న పిల్లి ఉంది కనుక చెవి సంగతి నేను చెబుతాను. చెవిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచు వెంబడి సన్నని రక్తనాళం కనిపిస్తుంది. ఆ నాళానికీ బయటి అంచుకూ మధ్య ఉన్న సన్నని జాగాలో గుచ్చాలి. నాళం మీదే గుచ్చితే రక్తం ఎక్కువగా వచ్చి కమిలిపోతుంది. గుచ్చే ముందు చెవిని వేడి చేయడం తప్పనిసరి. ఒక చిన్న సాక్సులో గుప్పెడు బియ్యం పోసి ముడివేసి, కొన్ని సెకన్లు మైక్రోవేవులో పెట్టి, ముందు మీ మణికట్టుకు ఆనించి వేడి సరిచూసుకుని, చెవికి కాసేపు అదిమి పట్టండి. చెవి గులాబి రంగుకు తిరిగితే రక్తం సులభంగా వస్తుంది.

చుక్క పాకిపోవడానికి కారణం వెంట్రుకలే. గుచ్చే చోట వాసెలిన్‌ను కనపడీ కనపడనంత పల్చగా రాస్తే రక్తం ముత్యంలా గుండ్రంగా నిలుస్తుంది. చెవి వెనుక మడిచిన దూది పెట్టుకుంటే సూది మీ వేలికి దిగదు. స్పిరిటు వాడకండి, మంట పుట్టిస్తుంది, ఆరకముందే గుచ్చితే అంకె కూడా తేడాగా రావచ్చు. చుక్క వచ్చాక స్ట్రిప్పు కొసను పక్క నుంచి తాకిస్తే అదే పీల్చుకుంటుంది. తరువాత దూదితో కాసేపు నొక్కి పట్టి, వెంటనే ఒక చిన్న మాంసం ముక్క పెట్టండి. మా పిల్లి ఇప్పుడు మీటరు పెట్టె తెరిచిన చప్పుడు వింటే తనే వచ్చి కూర్చుంటుంది.

సురేశ్, హైదరాబాదు

సిరంజి గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. మన మందుల దుకాణాల్లో ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజీలూ, నారింజ మూత ఉన్న 100 యూనిట్ల సిరంజీలూ రెండూ దొరుకుతాయి. గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు. దానిని ఎర్ర మూత సిరంజిలో 1 గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. పిల్లికి అది ప్రమాదకరమైన మోతాదు. దుకాణంలో అడిగేటప్పుడు మూత రంగుతో పాటు సిరంజి మీద ముద్రించిన 100 అంకెను కూడా చూసి తీసుకోండి.

మాటిమాటికీ గుచ్చడం కష్టమనిపిస్తే, మనుషులు చేతికి అతికించుకునే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సరును పిల్లులకు కూడా వాడుతున్నారు. మెడ పక్కన గాని భుజాల మధ్య గాని వెంట్రుకలు తీసి వైద్యులే అతికిస్తారు. దాని గడువు 14 రోజులే అయినా, పిల్లుల మీద చాలాసార్లు ముందే ఊడిపోతుంది. అది కొలిచేది చర్మం కింది ద్రవంలోని గ్లూకోజును కాబట్టి రక్తంలో వచ్చిన మార్పు అందులో కొన్ని నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది. అందుకే సెన్సరు ఫోనులో చూపే అంకె మరీ తక్కువగా ఉంటే ఒకసారి చెవి రక్తంతో సరిచూసుకోవడం మంచిది.

మాధవి, విజయవాడ

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. సిరంజి చూశాను, నారింజ మూతదే ఉంది. డాక్టరు గారూ, ఇంకొక్క సందేహం. ఉదయం అంకెలు ఇలాగే 260, 280 వస్తూ ఉంటే మోతాదు ఒకటిన్నరకు పెంచవచ్చా? ఇన్నాళ్లూ బంగారికి పెరుగన్నం, పొడి గుళికలు పెట్టేవాళ్లము. అవి మాన్పించి మాంసాహారానికి మార్చాలనుకుంటున్నాము.

పశువైద్యుడు, తిరుపతి

ఉదయపు అంకెలను మాత్రమే చూసి పెంచకండి. సూదికి ముందు అంకె ఆ పూటలో దాదాపు గరిష్ఠం. మోతాదును నిర్ణయించేది మధ్యలో వచ్చే కనిష్ఠం. ఏదైనా సెలవు రోజున ఉదయం సూదికి ముందు ఒకసారి, ఆపైన 2 గంటలకొకసారి సాయంత్రం సూది వరకు చూసి, సమయం, అంకె, తిన్నది, వేసిన మోతాదు ఒక నోటుపుస్తకంలో రాయండి. కనిష్ఠం సుమారు 80 నుంచి 150 మధ్య ఉంటే, ఉదయం 280 ఉన్నా మోతాదు పెంచవలసిన అవసరం ఉండకపోవచ్చు. ఆ పుస్తకం చూపించాక మీ వైద్యులే నిర్ణయిస్తారు. గ్లార్జిన్ ప్రభావం కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, సాధారణంగా మోతాదు మార్చాక వారం ఆగిన తరువాతే మళ్లీ ఇలా చూస్తాము.

తిండి మార్చాలన్న ఆలోచన చాలా మంచిది, కాని అదే మిమ్మల్ని ఎక్కువ జాగ్రత్తగా ఉండమనే విషయం కూడా. అన్నం, గుళికలు తగ్గించి మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తడి ఆహారానికి మార్చగానే షుగరు వేగంగా దిగవచ్చు. నిన్నటి వరకు సరిపోయిన 1 యూనిట్ ఎక్కువైపోవచ్చు. జబ్బు తొలి నెలల్లోనే అదుపులోకి వస్తే కొన్ని పిల్లులకు ఇన్సులినే అవసరం లేని స్థితి వస్తుంది. ఆ మలుపును పట్టుకోగలిగేది ఇంటి మీటరే. అందుకే మీ వైద్యులకు చెప్పి, వారం పది రోజుల్లో నెమ్మదిగా మార్చండి. ఆ రోజుల్లో ప్రతి సూదికి ముందూ, వీలైతే సూది తరువాత 5, 6 గంటలకూ చూడండి. వట్టి ఉడికించిన కోడిమాంసం మాత్రమే పెడితే క్యాల్షియం, టారిన్ (పిల్లులకు తిండి ద్వారానే అందవలసిన ఒక పోషకం) చాలవు; పిల్లులకు సంపూర్ణ ఆహారంగా తయారైన తడి ఆహారాన్నే ఆధారంగా ఉంచండి.

తిండి ముట్టని రోజున మామూలు మోతాదు వేయకుండా ముందు మీ వైద్యులకు ఫోను చేయండి. తినకపోవడంతో పాటు వాంతులు, నీరసం కూడా ఉంటే మూత్రంలో కీటోనులు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) చూసే స్ట్రిప్పులతో పరీక్షించండి. రంగు మారితే తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.