ర్యాక్ ప్రీయాంపా, మాడ్యూళ్ళా: టోన్ దేనిది బాగుంటుంది?

ఆరోతీగ:
నా దగ్గర మార్షల్ జేఎంపీ-1 ఉంది, అంటే ర్యాక్‌లో బిగించే గిటార్ ప్రీయాంప్ (గెయిన్, టోన్ ఇచ్చే మొదటి దశ). దాని వెనక ఈఎల్34 ట్యూబుల స్టీరియో పవర్ యాంప్ (స్పీకర్లని నడిపే చివరి దశ), కింద 12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న 4x12 కేబ్. ఇప్పుడు జేఎంపీ-1 తీసేసి సినర్జీ సిన్-2 పెట్టి, అందులో రెండు మాడ్యూళ్ళు (ఒక్కో యాంప్ ప్రీయాంప్ సర్క్యూట్‌తో వచ్చే, మార్చుకోగల ముక్కలు) వేసుకుందామని చూస్తున్నా. పాత ర్యాక్ ప్రీయాంపులు మాడ్యూళ్ళ ముందు నిలబడవని చాలామంది అంటున్నారు. సౌకర్యం సంగతి పక్కన పెట్టండి. చెవికి నిజంగా అంత తేడా తెలుస్తుందా?

వేడివాల్వు:
తెలుస్తుంది. జేఎంపీ-1లో నాలుగు చానెళ్ళు ఉన్నా అవన్నీ ఒకే కుటుంబం, ఎంత తిప్పినా మార్షలే. మాడ్యూల్ మారిస్తే సర్క్యూటే మారిపోతుంది. ఒక్కోదాంట్లో రెండు 12ఏఎక్స్7 ట్యూబులు, అంటే సిగ్నల్ పెంచే ట్రయోడ్లు నాలుగు. వాటి మధ్య కెపాసిటర్లు, టోన్ స్టాక్ (బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌ల సర్క్యూట్) అన్నీ ఏ యాంప్ మాడ్యూల్ అయితే దాని లెక్కలోనే ఉంటాయి. సోల్డానో ఎస్‌ఎల్‌ఓ, డీజెల్ వీహెచ్4 మాడ్యూళ్ళు పక్కపక్కన పెట్టి అరచేత్తో తీగలు అదిమి ఒక్క పామ్ మ్యూట్ కొట్టండి, చర్చ అక్కడితో అయిపోతుంది.

పాతర్యాక్:
అయిపోదు తమ్ముడూ, అక్కడే మొదలవుతుంది. మాడ్యూల్ మీద పేరు మొత్తం యాంప్‌ది, లోపల ఉన్నది సగం యాంప్. మిగతా సగం పవర్ యాంప్‌లో ఉంది. అది మాడ్యూల్‌తో రాదు.

వాక్స్ ఏసీ30 సంగతే చూడు. పవర్ స్టేజ్‌లో నాలుగు ఈఎల్84 ట్యూబులు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి యాంప్‌ని అదుపులో పెట్టేది) లేదు. స్పీకర్ ఇంపెడెన్స్ (కరెంట్‌కి చూపే అడ్డు) అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు కదా. 8 ఓమ్స్ అని రాసి ఉన్న స్పీకర్ కూడా తను సహజంగా ఎక్కువ ఊగే రెజొనెన్స్ దగ్గర, మళ్ళీ పైన ట్రెబుల్ వైపు, దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ లేని ట్యూబ్ యాంప్ అక్కడల్లా వోల్టేజ్ పెంచేస్తుంది. ఆ మెరుపు, ఆ ఊగే బేస్ చాలావరకు దానివల్లే. అదే తరహా మాడ్యూల్‌ని గట్టి ఫీడ్‌బ్యాక్ ఉన్న పవర్ యాంప్‌లోకి పంపు. స్పీకర్ బిగుసుకుపోతుంది, మెరుపు సగానికి పడిపోతుంది. ట్రాన్సిస్టర్ పవర్ యాంప్‌తో అయితే ఇంకా ఎక్కువ పడిపోతుంది. మాడ్యూల్‌లో తప్పేం లేదు, ఇంటికి రాని మనిషిని అక్కడ వెతుకుతున్నాం అంతే.

అందుకే ఆరోతీగ గారూ, మీ ర్యాక్‌లో ముందు అనుమానించాల్సింది జేఎంపీ-1ని కాదు. ఏ మాడ్యూల్ పెట్టినా అది ఆ ఈఎల్34ల గుండానే బయటికొస్తుంది, అదే కేబ్‌లో మోగుతుంది.

మూడోఫ్రెట్:
ఇదంతా ఎందుకు, యాంపులని డిజిటల్‌గా అనుకరించే మోడలర్ ఒకటి కొనుక్కుంటే పోలా?

పాతర్యాక్:
దానికి వేరే చర్చ పెట్టు బాబూ.

వేడివాల్వు:
అన్నా, ఏసీ30 ఉదాహరణ మీ వాదనకి అనుకూలంగా ఏరుకున్నది. దాని డిస్టార్షన్‌లో పెద్ద వాటా పవర్ ట్యూబులదే. హై గెయిన్‌లో అలా కాదు. ఎస్‌ఎల్‌ఓ, వీహెచ్4 లాంటి 100 వాట్ల హెడ్లు మామూలు వాల్యూమ్‌లో నడిపితే పవర్ ట్యూబులు దాదాపు క్లీన్‌గానే ఉంటాయి. గ్రిట్ అంతా ప్రీయాంప్‌లోనే పుడుతుంది.

పైగా టోన్ స్టాక్ ఎక్కడుందో చూడండి. మార్షల్, సోల్డానో పద్ధతిలో గెయిన్ దశలన్నీ అయ్యాక వస్తుంది, కాబట్టి బేస్ పెంచినా డిస్టార్షన్ పెద్దగా చెదరదు. మెసా మార్క్ యాంపుల పద్ధతిలో ముందే వస్తుంది. అక్కడ ట్రెబుల్ నాబ్ సగం గెయిన్ నాబ్ పని చేస్తుంది. బేస్ కాస్త ఎక్కువైతే లో ఈ తీగ బురద బురదే. అందుకే ఆ యాంప్ వాడేవాళ్ళు బేస్ బాగా తగ్గించి, పోయినదాన్ని చివర్లో గ్రాఫిక్ ఈక్యూతో తెచ్చుకుంటారు. ఇది ఏ పవర్ యాంప్‌తోనూ వచ్చే గుణం కాదు. జేఎంపీ-1లో ఏ ప్రీసెట్ రాసుకున్నా రాదు.

పాతర్యాక్:
జేఎంపీ-1లో రాదు, నిజమే. కానీ మెసా వాళ్ళ ట్రయాక్సిస్‌లో వస్తుంది, అదీ ర్యాక్ ప్రీయాంపే. ఎనిమిది మోడ్లు. ఆ గ్రాఫిక్ ఈక్యూ పనికి డైనమిక్ వాయిస్ అని ఒక కంట్రోల్ కూడా ఉంది. అంటే నువ్వు చెప్పింది సర్క్యూట్ తేడా గురించి, మాడ్యూల్‌కీ ర్యాక్‌కీ ఉన్న తేడా గురించి కాదు. అన్నట్టు, సిన్-2 కూడా ర్యాక్‌లో బిగించే పెట్టేగా!

మూడోఫ్రెట్:
సరే, సీరియస్‌గానే అడుగుతా. ట్రయాక్సిస్, జేఎంపీ-1 ప్రతి నాబ్ విలువనీ ప్రీసెట్‌లో గుర్తు పెట్టుకుంటాయి. మాడ్యూళ్ళలో మిడితో (పరికరాలకి ఆదేశాలు పంపే పద్ధతి) చానెల్ మాత్రమే మారుతుంది, నాబ్ చేత్తో తిప్పాల్సిందే. ఇది కేవలం సౌకర్యమేనా? ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో రాసుకున్న ప్రీసెట్‌లో బేస్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. బ్యాండ్‌తో వాయించినప్పుడు అది బేస్ గిటార్ మీద పడి కలిసిపోతుంది. నాబ్ ఎదురుగా ఉంటే ఎవరైనా వెంటనే తగ్గిస్తారు. మెనూలో ఉంటే పాట మధ్యలో ఎవరూ ముట్టుకోరు.

వేడివాల్వు:
మోడలర్ మాట ఎత్తిన నోటి నుంచి ఇంత మంచి పాయింట్ వస్తుందనుకోలేదు.

ఆరోతీగ:
పాత ర్యాండాల్ ఎంటీఎస్ మాడ్యూళ్ళు రెండు ఒక స్నేహితుడి దగ్గర ఉన్నాయి. సిన్-2లో పనిచేస్తాయా?

వేడివాల్వు:
చేస్తాయి. ఎంటీఎస్, ఈగ్నేటర్, సినర్జీ అన్నీ బ్రూస్ ఈగ్నేటర్ మొదలుపెట్టిన పద్ధతిలోవే. కాకపోతే ర్యాండాల్‌వి ఒక్క చానెల్‌వి. పవర్ ఆఫ్ చేయకుండా మాత్రం మాడ్యూల్ లాగొద్దు, లోపల హై వోల్టేజ్.

పాతర్యాక్:
అయితే కొనకముందే పోల్చి చూడొచ్చు. సిన్-2 ఎవరినైనా రెండు రోజులకి అడగండి. జేఎంపీ-1, మాడ్యూల్ రెండూ అదే పవర్ యాంప్‌లోకి, అదే కేబ్‌లోకి పంపండి. ఒకే రిఫ్ (చిన్న గిటార్ ముక్క) రికార్డ్ చేసి లూప్‌లో తిప్పుతూ, సౌండ్ మీటర్ పెట్టి లెవెల్ సమానం చేయండి. ఇది మానేస్తే మిగతాదంతా వృథా, ఒక డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మంచి టోన్‌లా వినిపిస్తుంది. ఇంటర్నెట్‌లో పోలికలు సగం ఇక్కడే చెడతాయి.

వేడివాల్వు:
లూప్‌తో సౌండ్ తెలుస్తుంది, ఫీల్ తెలియదు. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే డిస్టార్షన్ ఎలా విడుతుందో వాయించేవాడికే తెలుస్తుంది.

పాతర్యాక్:
అయితే ఆయనే వాయిస్తారు, స్విచ్ వెనక నుంచి నువ్వు మార్చు. ఏది ఏదో చెప్పకు.

ఆరోతీగ:
ఈ వారమే చేస్తాం. ఇంకో రౌండ్ కూడా పెడతాను: జేఎంపీ-1 అలాగే ఉంచి పవర్ యాంప్ మాత్రం మార్చి చూడటం. 6ఎల్6 ట్యూబులది ఒకటి దొరికేలా ఉంది. క్లిప్పులు పేర్లు లేకుండా ఏ, బీ, సీ అని పెడతాను, ముందు మీ ఇద్దరూ ఊహించండి.